వెన్ను మీది సుడి

మా నాయనకు అబద్ధం చెప్పడానికి నేను ఎద్దు బొమ్మ గీయడం నేర్చుకున్నాను.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో విరుదునగర్‌లో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. ఊరి పేరు మారి కొన్నేళ్ళయినా నాయన నోట అది విరుదుపట్టే. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో ఉన్న మా నల్లరేగడి పల్లెలో ఆయనకు కుడిచెయ్యీ కాలూ పడిపోయాయి. బండిలో కోవిల్‌పట్టి దాకా, అక్కణ్ణించి రైల్లో మా అద్దె ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ కూడా వచ్చింది. చేనూ ఎద్దులూ చిన్నాయనకు అప్పగించాం.

ఆ ఏడు వాన పడలేదు. నెల తిరక్కముందే చిన్నాయన వచ్చి, వీధి గుమ్మంలోనే నిలబడి, దాపటి ఎద్దు చచ్చిపోయిందని చెప్పి ఏడ్చాడు. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు అది. నాయన పదకొండేళ్ళు తన చేత్తో మేపింది. గోడ అవతలే ఆయన మంచం. నిద్రపోతున్నాడనుకున్నాం. గుండె అదిరే మాట చెవిన పడనివ్వొద్దని వైద్యుడు గట్టిగా చెప్పి ఉన్నాడు. అందుకని చిన్నాయనను గుమ్మంలోంచే పంపేశాం.

మర్నాడు నాయన అడిగాడు. "దాపటిది మేత తింటాండాదా?"

"తింటాండాది నాయనా."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. వారం పోయాక ఇంకో మాట అన్నాడు. "నువ్వు బొమ్మలు గీస్తావు కదా. మనూరికి పోయి దాన్ని చూసి గీసుకోని రా. నువ్వు చూస్తే నేను చూసినట్టే."

సరేనన్నాను. ఇంకేమంటాను? నేను గీసేది దేవుళ్ళ బొమ్మలు, పువ్వులు. నాలుగు కాళ్ళ ప్రాణి ఏదీ నా పెన్సిల్‌కు లొంగేది కాదు.

విరుదునగర్‌లో బొమ్మల పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. ఒకాయన రైల్వే గూడ్సు గుమాస్తా, తమిళాయన. రెండో ఆయన పశువుల ఆసుపత్రి కాంపౌండరు. సాత్తూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు, ఇంట్లో మాలాగే తెలుగు. ఆదివారం మధ్యాహ్నాలు గూడ్సు షెడ్డు అరుగు మీద కూర్చుని, పత్తి బండ్ల దగ్గర విప్పిన ఎద్దుల్ని చూసి గీసేవాళ్ళు. ఎద్దుల్ని గీయడం ఒక విద్యా అని నేను వాళ్ళను వెక్కిరించి ఉన్నాను. ఇప్పుడు ఆ నోటితోనే నేర్పమని అడగాల్సి వచ్చింది. సంగతి చెప్పాను. ఇద్దరూ నవ్వలేదు. గుమాస్తా లేచి నాకు చాప పరిచాడు.

ఊరికి పోతున్నానని నాయనకు చెప్పి, గొడుగు చంకన పెట్టుకుని, నేను వెళ్ళింది ఆ అరుగు మీదికే. ఒక్క ఆదివారంతో అయ్యే పని కాదు. ఎండకు బొమ్మ సరిగ్గా కుదరలేదనీ మళ్ళీ పోవాలనీ చెప్పుకుంటూ ఐదారు వారాలు గడిపాను.

నా ఎద్దుల వెనక కాళ్ళు బల్లకోళ్ళలా ఉండేవి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పెన్సిల్‌ను తిట్టేవాణ్ణి. కాంపౌండరు ఒకరోజు నా కాలు పట్టుకుని మడమ మీద తట్టాడు. పంతుల్ని అక్కడ వాద్దియార్ అంటారు.

"వాద్దియారే, ఎద్దుకు వెనక్కి వంగి కనపడేది మోకాలు కాదు. అది ఇది, మడమ. ఎద్దు మునివేళ్ళ మీద నిలిచేది."

అప్పటికి ఆ కాళ్ళు నాకు అర్థమయ్యాయి. పల్లెలో పుట్టి పెరిగిన నాకు ఎద్దు కాలు ఒకరు చూపించాల్సి వచ్చిందని సిగ్గేసింది. ఆయనకు నాతో ఇంకో తగువు ఉండేది. నేను ఎద్దును ఎప్పుడూ మరీ పెద్దగా మొదలుపెట్టేవాణ్ణి. మూపురం కాగితం పై అంచుకు తగిలేది. "పైన చోటు వదులప్పా" అని ప్రతి వారం అనేవాడు. నేను వినేవాణ్ణి కాదు. మొండితనం నాకు పుట్టుకతోనే వచ్చింది.

గుమాస్తాది వేరే పట్టుదల. ఏ కాగితం మీదైనా ముందు పైన పిళ్ళయార్ సుళి వేస్తేగాని పెన్సిల్ కదలనిచ్చేవాడు కాదు. వినాయకుడి పేరున ఈ తమిళ సీమలో అందరూ రాతకు ముందు వేసే గుర్తు అది. తమిళ ఉకారంలా చిన్న చుట్ట, పక్కనొక గీత. కాంపౌండరు తన కాగితం పైన చిన్న సిలువ వేసుకునేవాడు. "ఎద్దుకు ఏ సామి అయినా ఒకటే" అని వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. నేను గుమాస్తా మాట విన్నాను.

చివరికి అసలు బొమ్మకు కూర్చున్నాను. ఒక బండి ఎద్దు నుంచి కొమ్ములు, ఇంకోదాని నుంచి గంగడోలు తీసుకున్నాను. సుడి మాత్రం ఎవరి ఎద్దు నుంచీ తీసుకునేది కాదు. పశువు ఒంటి మీద వెంట్రుకలు తిరిగే చోటు అది. మావాళ్ళు పళ్ళకన్నా ముందు సుడి చూసి ఎద్దును కొంటారు. అమ్మను వంటింట్లోకి పిలిచి మా ఎద్దుకు అది ఎక్కడుండేదో అడిగాను. అమ్మ తడి బొటనవేలు నా నొసట కొంచెం కుడివైపుగా ఒత్తి "ఈడ" అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం బొమ్మ తెచ్చి నాయన చేతికిచ్చాను. ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"కాళ్ళు బాగుండాయి" అన్నాడు. "నొసటి సుడి కూడా సరిగ్గా ఉండాది."

హమ్మయ్య అనుకునేలోపల కాగితాన్ని రొమ్ము మీద పెట్టుకుని, చూపుడువేలు ఎద్దు వెన్ను మీదికి జరిపాడు. పైన చోటు వదలని నా మొండితనం వల్ల, ముందే వేసిన పిళ్ళయార్ సుళి సరిగ్గా వెన్నుపూస మీద కూర్చుని ఉంది.

"ఇదేంది? పాడె సుడి కదా?"

వెన్ను మీద సుడి ఉంటే మావాళ్ళు పాడె సుడి అంటారు. అది ఉన్న ఎద్దును ఊరికే ఇచ్చినా ఎవరూ ఇంటికి తోలుకురారు. చావును తెస్తుందంటారు.

"మన ఎద్దుకు ఇది లేదే" అన్నాడు నాయన. నా ముఖంలోకి చూశాడు. "అయితే పోయిందా?"

అది సుడి కాదు, రాతకు ముందు వేసే గుర్తు అని చెబితే చాలు, రెండు నెలల నా అబద్ధం నిలిచేది. వైద్యుడి మాట గుర్తుంది. గుమ్మంలో అమ్మ కళ్ళతోనే వద్దంటోంది. కానీ నాకు ఇక చేతకాలేదు.

"అవు నాయనా."

"నోటితో చెప్పలేక ఇట్ల గీసి చెప్పినావా?"

దానికీ అవునన్నాను.

"కసాయి కోతకు ఇయ్యలేదు కదా?"

"లేదు. చేని గట్టున పూడ్చినారు."

ఆయన కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. నేను మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాను. నాయన ఎడమచెయ్యి వచ్చి నా తల మీద ఆనింది. "కాళ్ళు బాగా గీసినావు" అని మళ్ళీ అన్నాడు. ఆ బొమ్మను మంచానికి ఎదురుగా గోడకు అంటించమన్నాడు. మరుసటి వానలకు ముందే ఆయనా పోయాడు.

స్నేహితులతో చెబితే కాంపౌండరు "పైన చోటు వదలమంటే విన్నావా" అంటూనే నా భుజం మీద చెయ్యి వేశాడు. గుమాస్తా ఆ వారమంతా తన గుర్తే మా ఇంట్లో దుఃఖం తెచ్చిందని కుమిలిపోయాడు.

రెండేళ్ళకు చిన్నాయన కూతురి పెళ్ళి కుదిరింది. పల్లెలో మా వసారాలో కూర్చుని చుట్టాలకు ఉత్తరాలు రాస్తూ ఒక్కోదాని పైన ఆ గుర్తు వేస్తుంటే అంతా గుర్తుకొచ్చింది. పక్కన తమలపాకులు తుడుస్తున్న అమ్మతో, చదువు లేక నాయన ఆ గుర్తు తెలియక సుడి అనుకున్నాడు పాపం అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది.

"తెలీకేమిరా? ఏ పత్రం చేతికిచ్చినా ఏది పైనో ఏది కిందో తెలిసేదానికి ముందు పిళ్ళయార్ సుళి యాడుండాదా అని చూసేవాడు. అది చూసినాకే కదా వేలిముద్ర ఏసేది."

గుమ్మంలో చిన్నాయన ఏడుపు, గోడ అవతల మంచం గుర్తొచ్చాయి. బొమ్మ చేతికిచ్చిన ఆ సాయంత్రం అబద్ధమాడింది నేనొక్కణ్ణే కాదన్నమాట.