కృష్ణబిలం మీద పెద్దమ్మ జాలి

కేసముద్రంలో ఉండే మా పెద్దమ్మ ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలదని ఇంట్లో అందరం నవ్వుకుంటాం. గెలాక్సీలు ఎలా పెరుగుతాయో కంప్యూటర్‌లో సృష్టించి చూడటం నా పని. ఈ రోజు వాళ్లింట్లో కూర్చుని అలాంటి రెండు గెలాక్సీలను నడిపిస్తుంటే, పెద్దమ్మ చాయ్ తెచ్చి పక్కన నిలబడింది. ఒకదాని నడుమ కృష్ణబిలం ఉంది, రెండోదాంట్లో తీసేశాను.

“గా నల్లదాన్ని తీసేస్తే ఏమైతది బిడ్డా?”

“ఆపెటోళ్లు ఉండరు పెద్దమ్మా. అది వేడి ఊది, గ్యాసు చల్లారి నక్షత్రాలు కాకుండ ఆపుతది. అది లేకుంటే గెలాక్సీ ఉన్న గ్యాసంతా నక్షత్రాలకే ఖర్చు పెడ్తది. ఇగో, ఎట్ల ఉబ్బిందో చూడు.”

పెద్దమ్మ దగ్గరికి వంగి రెండు బొమ్మలనూ చూసింది.

“మరి గ్యాసు ఖర్చు గాకుండ గంత కాపాడుతుంటే, అన్నీ మింగుతదని దాన్నే తిడ్తరేంది? పాపం.”

చాయ్‌లో ఎప్పటిలాగే చక్కెర తక్కువ. ఈ రోజు మాత్రం ఆ మాట అనకుండా గ్లాసు ఖాళీ చేశాను.

మీ ఇంటి కృష్ణబిలం ఎవరు?