విప్పి ఆరబెట్టే పడవ

ఫ్రెంచివారి పుదుచ్చేరి వీధులన్నీ తిరిగి తీసిన బొమ్మలన్నీ నాన్న పాత పెట్టె కెమెరాలోనే ఉన్నాయి. ఫిల్ములో ఇంకొక్క బొమ్మకే చోటుంది. దాన్ని కురుచికుప్పం ఒడ్డున దుంగల్ని తాళ్ళతో కట్టిన కట్టుమరం పడవ కోసం దాచుకున్నాను. గురి చూస్తుంటే అలొచ్చి కెమెరాను తడిపింది. నేను తుడుచుకునేలోగా జాలర్లు తాళ్ళు విప్పేశారు. పడవ కాస్తా వట్టి దుంగలై ఇసుకలో పడింది!

తెల్లబోయిన నన్ను చూసి, వల బాగుచేస్తున్న అవ్వ నవ్వి, తెలుగులోనే పలకరించింది. "యాడ పిల్లవమ్మా? తడిసిందాన్ని విప్పి ఆరబెట్టల్ల. లేకుంటే నీళ్ళు తాగి బరువెక్కుతాది. రేపు మళ్ళా కడతారు."

అంటూనే నా కెమెరా అందుకుంది. "ఇదీ తడిసిందే!"

ఆమె వేళ్ళు వెనక గొళ్ళెం మీద పడ్డాయి. కొత్తవాళ్ళ ముందు పెదవి కదపని నేను ఒడ్డంతా వినపడేలా అరిచాను. "వద్దవ్వా! వెలుతురు తగిలితే బొమ్మలన్నీ పోతాయి!"

అవ్వ ఉలిక్కిపడి కెమెరాను కొంగులో దాచేసింది. "ఏంది, వెలుగు చూస్తే చచ్చే పెట్టా?"

నాకు నవ్వాగలేదు. కెమెరా తీసుకుని, దుంగల పక్కనే ఆమెను నిలబెట్టి ఆ చివరి బొమ్మ తీసేశాను.

"యాడ, చూపీ!"

"ఇప్పుడే రాదవ్వా. చీకటి గదిలో ఫిల్ము విప్పి, మందునీళ్ళలో కడిగి, ఆరబెట్టాలి."

అవ్వ నడుం మీద చెయ్యేసుకుంది.

"మరి నేను చెప్పిందేందే?"