సెగ్గడ్డకు సన్మానం

తెనాలి జహీర్ మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు: ఎదుటివాడికి పుండు లేస్తే, ఆయన అందులోని క్రిమిని పొగుడుతారు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఆ పెద్దమనిషి రోగిని పరామర్శించగా చూసినవారు లేరు.

రేపల్లె పెళ్లిలో పెళ్లికొడుకు తల్లి మోచేతి పుండు చూసి, "ఎంత చక్కగా స్థిరపడిందండీ" అన్నారు. ఆవిడ కోడలి గురించనుకుని మురిసిపోయింది. నిజం తెలిశాక ఆయన విస్తరి వైపు బిరియానీ రాలేదు. ఆనాటి నుంచి భార్య కౌసర్ ఆయన్ని శుభకార్యాలకు తీసుకెళ్లడం మానేసింది.

ఈ ఎండాకాలం ఎదురింటి జమలయ్యకు తొడమీద సెగ్గడ్డ లేచింది. కొల్లూరు నుంచి అరటిగెలలు తెప్పించి అమ్మే జమలయ్యది ఆసుపత్రి గుమ్మం తొక్కని వంశం.

"మామిడిపళ్లు వేడి చేశాయండి. పైన పెచ్చు కట్టింది, తగ్గినట్టే" అన్నాడు, దుప్పటి కింద వణుకుతూ.

"తగ్గడమా? లోపల ఇల్లు కట్టుకుంటున్నాడయ్యా" అన్నారు మాస్టారు భక్తిగా. "దెబ్బ తగిలితే మన రక్తం గడ్డకట్టి కన్నం పూడుస్తుంది కదా. ఈ మహానుభావుడు ఆ గడ్డకట్టే ప్రొటీన్లనే తనవైపు తిప్పుకుని, చుట్టూ గోడ కట్టించుకున్నాడు. పట్టుకోవడానికొచ్చిన తెల్లకణాలు బయటే నిలబడ్డాయి. ఇటుకలు నీవి, మేస్త్రీ నీవాడు, గృహప్రవేశం ఆయనది. రేపోమాపో రక్తంలో దిగి గుండెదాకా ఎదుగుతాడు."

"ఎదగనివ్వండి. నేను మాత్రం ఆసుపత్రికి రాను."

మర్నాటికి జ్వరం పెరిగింది. భార్య కోటిరత్నం ఏడ్చి బతిమాలినా జమలయ్య కదల్లేదు. అప్పుడు మాస్టారు శాలువా, పూలదండ, సగం వీధి జనంతో సహా విచ్చేశారు.

"ఇంతటి నిర్మాణదక్షుడు మన వీధిలో వెలియడం మన అదృష్టం" అని ఉపన్యాసం అందుకున్నారు.

"ఏవండీ, జ్వరంతో ఉన్న మనిషండీ" అని కౌసర్ చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన విదిలించుకుని, శాలువాను సరిగ్గా సెగ్గడ్డ మీద కప్పబోయారు.

జమలయ్య లేచి కూర్చున్నాడు. "నా ఒంట్లో కూర్చుని నన్ను తినేదానికి శాలువానా? పదండి, ఇప్పుడే కోయించి పారేస్తా."

గుమ్మంలో ఆటో సిద్ధంగా ఉంది. ఇంజను కూడా ఆడుతోంది.

"నిన్నెవరు పిలిచారు నాయనా?" అని కౌసర్ డ్రైవరు ప్రేమ్ కుమార్‌ని అడిగింది.

"సారేనండి, దండ కొనకముందే. ఆసుపత్రిలో డాక్టరుగారికి కూడా చెప్పొచ్చారు."

కౌసర్ తిరిగి చూసింది. ఆయన అప్పటికే జమలయ్య కాలు ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నారు.

గడ్డ కోసి చీము తీశారు. ఇంకొక్క రోజు ఆగితే రక్తమంతా పాకేదన్నారు డాక్టరుగారు. తెల్లారి మాస్టారు మంచం పక్కన కూర్చుని జమలయ్యకు ఇడ్లీ తుంచి పెడుతున్నారు.

"ఏంటి మాస్టారూ, ఇవాళ దాన్ని పొగడట్లేదు?"

"పోయినవాళ్ల గురించి ఎందుకయ్యా. ఇడ్లీ తిను."