అద్దం అవతల అక్క

నీలం నగర్ దగ్గర ప్యాడెల్ శిక్షణ శిబిరంలో చేరాను. అద్దాల గోడల మధ్య ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఆట అది. సర్వీస్‌కు ముందు నెట్ దగ్గరున్నవాడు చేతిని వీపు వెనక పెట్టి, వెనకున్న జోడీకి సైగ చేయాలని కోచ్ నేర్పాడు. పిడికిలి బిగిస్తే ఇక్కడే ఉంటానని, అరచేయి చాపితే అవతలి వైపుకు దూకుతానని అర్థం.

ఇవాళ ఆఖరి మ్యాచ్ మా బావ జట్టుతో. నేనెటు దూకినా ఆయన కొట్టిన బంతి సరిగ్గా నేను ఖాళీ చేసిన చోటే పడింది. చివరి గేమ్‌లో అనుమానమొచ్చి, సైగ చేయగానే వెనక్కి చూశాను. అద్దం అవతల కూర్చున్న మా అక్క పెదాలు కదులుతున్నాయి. మాట వినపడలేదు కానీ, "దుంకుతడు" అంటోందని నాకూ తెలిసిపోయింది. బావ మరమగ్గం నడిపిన షెడ్డులోనే ఆమె కండెలు చుట్టేది. ఆ మగ్గాల హోరులో మేమంతా పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్లం.

ఆరు–సున్నాతో ఓడిపోయాక నేరుగా వెళ్లి అడిగాను.

"ఏందక్కా ఇది? నేను నీ తమ్మున్ని గాదా?"

"అరే, తమ్మునివే రా. గానీ ఓడిపోతే రెండు దినాలు మూతి ముడుసుకొని కూసునేది మీ బావ. ఘర్‌ల ఆ లఫ్డా నాకెందుకు?"

మొన్న నూలు పున్నమికి నాకు రాఖీ కట్టిన అక్కే ఈమె! వచ్చే ఏడు నూలు పున్నమికి చేయి చాపాలా, వీపు వెనకే దాచుకోవాలా? కామెంట్లలో రాయండి. నోటితో మాత్రం చెప్పకండి, దూరం నుంచే చదివేస్తుంది.