మునిరత్నం మేస్త్రీ, తొంభై ఆరు అగ్గిపెట్టెలు

పోయిన తమిళ ఆవణి నెల మూడో శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి చాప మీద ఒరిగిన నా తమ్ముడు మునిరత్నం మేస్త్రీ మళ్లీ లేవలేదు. మూడున్నరకు కాఫీకి లేపబోయిన మరదలు కామాక్షి కేక విని, పక్కింట్లో ఉన్న నేను వెళ్లేసరికి పాదాలు చల్లబడి ఉన్నాయి. వాడికి అరవై ఒకటి, నాకు డెబ్బై. ఏడుపు కూడా రాలేదు. గడప మీదే కూర్చుండిపోయాను. ముప్పై ఒక్క సంవత్సరాలు గుడియాత్తం బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పెద్దది ఉండి చిన్నవాడు పోయిన ఈ లెక్క మాత్రం ఎటునుంచి వేసినా సరిపోవడం లేదు.

గుడియాత్తం, కే.వి.కుప్పం చుట్టుపక్కల ఇల్లు కట్టించుకున్న మన తెలుగువాళ్లకు మునిరత్నాన్ని పరిచయం చేయనక్కర్లేదు. తాతల కాలం నుంచి మాది గోడలు కట్టే కుటుంబం. వాడు కట్టిన గోడకు తూకం గుండు వేలాడదీసి చూసినవాళ్లు, దారానికీ ఇటుకకూ మధ్య వెంట్రుక దూరలేదని చెప్పేవారు. పని ముగించి కాళ్లూ చేతులూ కడుక్కున్నాక వాడు చేసే రెండో పని మాత్రం చాలామందికి తెలియదు. వాడు రేడియోలు తయారు చేసేవాడు. బొమ్మలున్న తమిళ పుస్తకాలు చూసి, ఒక్కొక్క భాగం వేలూరు నుంచి తెచ్చుకుని, అతికి, పాడించేవాడు. ఎవరికీ అమ్మేవాడు కాదు. పాడిన సెట్టును నెల రోజులు విని, విప్పేసి, ఇంకొకటి మొదలుపెట్టేవాడు.

"విప్పేదానికా అప్పా ఇంత పాటు పడేది?" అని ఒకసారి అడిగాను.

"గోడను విప్పితే ఇంటామె తంతాది అక్కా. దీన్ని విప్పితే అడిగే నాథుడు లేడు" అన్నాడు.

మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఇంట్లోనే కూర్చుని పెట్టెలు అంటించేది. ఆమె పోయాక మిగిలిన ఖాళీ పెట్టెలను వాడు పన్నెండేసి చొప్పున ఎనిమిది వరసలు, గోడ కట్టినట్టే ఒకదాని మీద ఒకటి అతికి, చిన్న అలమారా చేసుకున్నాడు. రెసిస్టర్లు, కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు అన్నీ ఆ తొంభై ఆరు పెట్టెల్లోనే. ఏ పెట్టె మీదా పేరు రాయలేదు. కుడిచేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, చూపు బోర్డు మీదే ఉంచి, ఎడమచేయి చాపేవాడు. కావలసింది వేళ్లకే వచ్చేది. ఎన్నిసార్లు చూసినా ఆ చేయి ఒక పెట్టె తెరిచి ఇంకొక పెట్టెకు మారడం నేను చూడలేదు.

తొంభై రెండులో, ఆడి నెలలో, వేలూరులో మేడ మీద మేడ కడుతూ గోడకు కట్టిన సారం కొయ్యల మీద నుంచి పడ్డాడు. తలకు పెద్ద దెబ్బ. కుడిచేయి భుజం నుంచి చచ్చుబడింది. ఆసుపత్రిలో అరవై నాలుగు రోజులు. ప్రాణం నిలిచింది కానీ, జ్ఞాపకాలు చాలావరకు పోయాయి. నన్నూ కామాక్షినీ గుర్తుపట్టాడు. తమిళ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. అమ్మ పోయిన సంగతి మాత్రం పోయింది. "అమ్మ యాడక్కా?" అని అడిగేవాడు. నేను తేదీతో సహా చెప్పేదాన్ని. విన్న ప్రతిసారీ అప్పుడే తెలిసినట్టు ఏడ్చేవాడు.

"ఊరికి పోయిండాదని చెప్పగూడదా వదినా?" అని కామాక్షి నన్ను పక్కకు పిలిచి అంది.

"అబద్ధం నా నోట రాదమ్మా" అన్నాను.

నలభై మూడుసార్లు అడిగాడు. ఆ తరువాత మానేశాడు. గుర్తొచ్చి కాదు, నా ముఖం చూసి.

వాడి పదహారో రోజు కర్మకు వచ్చినవాళ్లు, "అక్క లేకుంటే మేస్త్రీ మళ్లీ మనిషి అయ్యుండడు" అని నా ముందే చెప్పుకున్నారు. ఆ మాట తప్పు. వాడి గురించి రాయమని మన పత్రికవాళ్లు అడిగినప్పుడు నేను ఒప్పుకున్నది ఆ తప్పు దిద్దడానికే.

వాడు ఆసుపత్రిలో ఉండగా, నలభయ్యో రోజున, నేను ఆ అలమారాకు దుమ్ము తుడిచాను. తుడిచి ఊరుకోలేదు. తొంభై ఆరు పెట్టెలూ చాప మీద కుమ్మరించి, రంగుగీతలను బట్టి, పరిమాణాన్ని బట్టి వేరుచేసి, లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు వచ్చాయి. చిన్నవి పైవరసల్లో, పెద్దవి కిందివరసల్లో సర్ది, ప్రతి పెట్టె మీదా ఏమున్నది, ఎన్ని ఉన్నవి అని తెలుగులో చీటీ అంటించాను. తమ్ముడు వచ్చి చూసి సంతోషిస్తాడనుకున్నాను. ఏ వస్తువు ఏ పెట్టెలో నుంచి తీశానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. ఎన్ని అన్నది రాశాను, ఎక్కడ అన్నది రాయలేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజున వాడు అలమారా ముందు కూర్చున్నాడు. పడకముందు సగం అతికిన బోర్డు బల్ల మీద అలాగే ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. తలలో ఏమీ లేదు, కానీ ఎడమచేయి దానంతట అదే లేచి, మూడో వరసలో అయిదో పెట్టె తెరిచింది. అందులో ఉన్నదాన్ని తీసి చూసుకుని, మళ్లీ పెట్టేశాడు. ఇంకొకటి తెరిచాడు. అదీ కాదు. ఆరు పెట్టెలు తెరిచాక చేతిని ఒళ్లో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు.

"తలకాయ పోయినాదని తెలుసును. చెయ్యి గూడా మరిచిపోయినాది అక్కా" అన్నాడు. చీటీ మీద వేలు పెట్టి, "ఇది చదవను గూడా రాలేదు" అన్నాడు.

ఆ చీటీలు తనే రాసుకున్నవనుకున్నాడు. నిజానికి వాడికి తెలుగు చదవడం ఎప్పుడూ రాదు. మా నాయన నన్ను తెలుగు బడిలో, వాడిని తమిళ బడిలో వేశాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్షరం మాత్రం వాడు నేర్చుకోలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. కానీ అది చెబితే, చీటీలు రాసిందెవరు, సర్దిందెవరు అన్నది కూడా చెప్పాలి. లేచి వంటింట్లోకి పోయి బియ్యం ఏరాను.

ఆ తరువాత వాడు రోజూ అక్కడ కూర్చునేవాడు. రోజూ చేయి లేచేది, తప్పు పెట్టె తెరిచేది. కామాక్షి అన్నం తినమంటే తినేవాడు, నడవమంటే నడిచేవాడు. గోడ పని ఇక లేదని డాక్టరు చెప్పినప్పుడు కూడా అంత కుంగలేదు. అబద్ధం నా నోట రాదన్న నేను, డెబ్బై ఏడు రోజులు నోరు మూసుకుని, వాడిని వాడి చేతి మీదే అనుమానపడనిచ్చాను. రోజులు లెక్కపెడుతూనే ఉన్నాను.

తమిళ కార్తిక నెలలో ఒక ఉదయం, "ఈ పెట్టెలు వేలూరు భాయ్‌కి ఇచ్చేద్దాం అక్కా. నాకింక ఎందుకు?" అన్నాడు. భాయ్ అంటే వాడు ముప్పై ఏళ్లు రేడియో సామాన్లు కొన్న దుకాణం యజమాని. అలమారాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. గుడియాత్తం నుంచి వేలూరు దాకా తమ్ముడు కిటికీలో నుంచి బయటికే చూశాడు.

భాయ్ దుప్పటి విప్పి నవ్వాడు. ఆయనకు మన తెలుగు బాగా వచ్చు. "ఏం మేస్త్రీ, నీ పెట్టెలకు చీటీలా? చీటీ అంటించేవాడు దుకాణం పెట్టాల, సెట్టు చెయ్యగూడదు అని నన్నే గదా ఎగతాళి చేస్తా ఉంటివి? అయినా నీకు తెలుగు రాయను యాడ వచ్చును?"

తమ్ముడు నావైపు తిరిగాడు. "నాకు రాదా?"

"రాదు నాయనా. ఎప్పుడూ రాదు" అన్నాను. "చీటీలు నేను రాసినవి. నువ్వు ఆసుపత్రిలో ఉంటే పెట్టెలన్నీ నేనే మార్చేసినాను. నీ చెయ్యి పోయింది సరైన చోటికే. ఆడ సామాను లేకుండా చేసింది నేను."

భాయ్ లోపలికి పోయి టీ చెప్పి వచ్చాడు. తమ్ముడు ఒక చీటీ అంచును గోటితో గీకాడు.

"ఎన్ని దినాలైనాది?" అన్నాడు చివరికి.

"డెబ్బై ఏడు."

"రానిదాన్ని మరిచిపోతినని డెబ్బై ఏడు దినాలు ఏడిస్తినా" అన్నాడు. ఎడమచేయి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నీదేం తప్పు లేదంటరా" అని దానితో అన్నాడు. తరువాత నాతో, "మూట కట్టక్కా. ఇంటికి పోదాం" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఆ మరునాటి నుంచి మళ్లీ కట్టడం మొదలైంది. వాడు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. చేయి ఏదో ఒక పెట్టె దగ్గరికి పోయి ఆగేది. "ఏం కావాలప్పా?" అంటే పేరు తెలిసేది కాదు. వేళ్లు మాత్రం ఒక వస్తువును పట్టుకున్నట్టు ముడుచుకునేవి. ఆ సందు ఎంత ఉందో చూసి, దానికి తగిన సామాను వెతికి అక్కడ పెట్టేదాన్ని. కొన్ని రోజులు ఒక్క పెట్టె కూడా తేలేది కాదు. ఎనభై ఎనిమిది పెట్టెలు తేలాయి. మిగిలిన ఎనిమిదింటి దగ్గరికి ఆ చేయి మళ్లీ ఎన్నడూ పోలేదు. వాటి చీటీలు పీకేస్తానంటే వాడు ఒప్పుకోలేదు. "ఉండనీ అక్కా. గోడలో నీదీ ఒక వరస ఉండొద్దా?" అన్నాడు.

ఐరన్ పట్టుకునే కుడిచేయి లేదు. దానికి వాడు మేస్త్రీ బుద్ధి ఉపయోగించాడు. ఇటుకకు బెజ్జం చేసి, అందులో ఐరన్‌ను నిలబెట్టి, బోర్డునే ఎడమచేత్తో దాని దగ్గరికి తీసుకుపోయేవాడు. "ఇన్నాళ్లూ ఇటుకను నేను మోసినాను. ఇప్పుడు నాకోసరం ఇటుక మోస్తా ఉండాది" అనేవాడు. అతికింది ఊడితే మళ్లీ అతికేవాడు. నాకు విసుగొచ్చేది, వాడికి రాలేదు. "తీగకు తొందర తెలీదక్కా" అనేవాడు.

తొంభై నాలుగు మాసి నెలలో ఆ సగం సెట్టు పాడింది. తమిళ వార్తలు, మధ్యలో గరగర. అప్పటికి మా వీధిలో పదకొండు ఇళ్లకు కేబుల్ తీగలు వచ్చేశాయి. అరచేతిలో పట్టే రేడియోలు బస్టాండులో గంపల్లో పోసి అమ్ముతున్నారు. ఎదురింటాయన తలుపు దగ్గర నిలబడి, "ఇంటింటికీ బొమ్మే వస్తా ఉంటే, ఈ సద్దు కోసరమా మేస్త్రీ రెండేండ్లు?" అన్నాడు.

"బొమ్మ నువ్వు కొనింది. సద్దు నేను చేసింది" అన్నాడు తమ్ముడు. ఆ సాయంత్రం వాడి భుజాలు చాలా అలసిపోయి ఉన్నాయి. సెట్టు పక్కనే కూర్చుని నిద్రపోయాడు.

ఆ తరువాత అయిదున్నరేళ్లలో ఇంకో మూడు సెట్లు చేశాడు, మూడూ విప్పేశాడు. పోయిన జ్ఞాపకాలు పెద్దగా తిరిగి రాలేదు. అమ్మ ఎప్పుడు పోయిందో చివరిదాకా వాడికి తెలియదు. అయినా ఆ ఎడమచేయి మాత్రం మళ్లీ తప్పు పెట్టె తెరవలేదు.

వాడిని మనిషిని చేసింది నేను కాదు. ఆ చేతికి అన్నీ తెలుసు, అడ్డం పడ్డది నేను. అక్కగా నా తమ్ముడికి నేను ఇవ్వగలిగిన నివాళి ఈ దిద్దుబాటు ఒక్కటే.

నిన్న కామాక్షి బట్ట తడుపుకుని వచ్చి, "పెట్టెల మీద దుమ్ము పట్టిండాది వదినా, తుడిచేద్దామా?" అంది.

వద్దన్నాను. ఎనభై ఎనిమిది పెట్టెల్లో ఏది ఎక్కడుందో ఇప్పుడు నా పుస్తకంలో వరసగా రాసి ఉంది. ఎవరడిగినా చదివి చెప్పగలను. చూడకుండా చాచే చేయి మాత్రం ఇక లేదు.