ఇత్తడి పిడి అంతరిక్షయానం

నేనొక అంతరిక్ష నౌకను పేల్చేశాను. కామారెడ్డిలో, అద్దె ఇంటి పై వాటాలో, మా పెద్దబాపు పాదాల దగ్గర మోకాళ్ల మీద ఉండి మరీ పేల్చేశాను. ఇలాంటి ఘనత ఈ జిల్లాలో మరొకరికి ఉందంటే చెప్పండి, వచ్చి శాలువా కప్పుతాను. లేదు కదా? అయితే కూర్చోండి. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో మొదటి నుంచీ చెబుతాను.

ముందు మా వంశం గురించి. కంగారు పడకండి, కుదించే చెబుతాను. ఎల్లారెడ్డి అవతల మా ఊళ్లో మాకొక గడీ, దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఇప్పుడూ ఉంది, అంటే ఒకటిన్నర గోడ ఉంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారు కదా, మా విషయంలో ఆ వాసన కూడా తాతతోనే పోయింది. మూతి మాత్రం ఆయన ఎత్తి పెట్టినట్టే నేనూ ఎత్తి పెట్టుకుని తిరుగుతాను. నడుమూ అంతే. మా ఇంట్లో నడుం వంగదు. కింద పడ్డ కలాన్ని కూడా నేను గుంజీ తీసినట్టు నిటారుగా దిగి అందుకుంటానే తప్ప వంగి తీయను.

ఇంత నిటారు మనిషి చేసే ఉద్యోగం ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడం. పగలు పిల్లల మౌసులు శుభ్రం చేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి నక్షత్రాల మధ్య నౌక నడుపుతాను. అది కంప్యూటర్‌లో ఆడే అంతరిక్షం ఆట. ఏడాది కష్టపడి అందులో ఒక పెద్ద నౌక సంపాదించాను. దాని పేరు ‘గడీ’. ఇంట్లో ఈగల మోత, అంతరిక్షంలో పల్లకీ మోత.

ఇలా ఉండగా ఒకరోజు వీడియోల్లో విదేశీయుల కాక్‌పిట్లు చూశాను. ఒక్కొక్కరి ముందు ఎన్ని బటన్లు, ఎన్ని దీపాలు! నేనేమో కాలేజీ పారేసిన కీబోర్డుతో నౌక నడుపుతున్నాను. రథం ఎక్కి తోలుకర్ర బదులు చీపురు పట్టుకున్నట్టనిపించింది. అలాంటి బటన్ల పలక కొనాలంటే నా జీతం ముఖం చాటేసింది. పైగా మా వంశంలో కొనడం తక్కువ, ఉన్నది అమ్ముకోవడమే ఎక్కువ. అందుకే సొంతంగా తయారు చేయాలని నిశ్చయించాను.

గడీ నుంచి ఒక పాత టేకు తలుపు చెక్క తెచ్చాను. కాలింగ్ బెల్లు బటన్లు, స్కూటర్ ఇండికేటర్ స్విచ్చి, రేడియో మరలు, ఇవన్నీ స్టేషన్ రోడ్డులో పాత సామాను కొట్టు నడిపే నా చిన్ననాటి స్నేహితుడు అన్వర్ ఇచ్చాడు. చచ్చిన కీబోర్డు ఒకటి విప్పి, దాని కడుపులోని పచ్చ పలకకు వైర్లు అతికించి, ఒక్కో వైరును ఒక్కో స్విచ్చికి కలిపాం. స్విచ్చి వేస్తే కీ నొక్కినట్టని కంప్యూటర్ నమ్ముతుంది. దానికి అంతకు మించి తెలివి లేదు. నాకూ లేదని తర్వాత తేలింది.

ఇక అన్నింటికంటే గొప్ప వస్తువు: మా తాత ఇత్తడి పిడి. ఊరికి కరెంటు వచ్చిన రోజున జనమంతా చూస్తుండగా గడీలో మా తాత కిందికి లాగిన మెయిన్ స్విచ్చి పిడి అది. జానెడు పొడుగు, పిడికిట్లో నిండుగా పడుతుంది. గడీలో ఇప్పుడు కరెంటు లేదు, ఆ పిడి మాత్రం ఒకటిన్నర గోడలోని సగం గోడకు వేలాడుతుండేది. ఊడదీసి తెచ్చాను. ఎవరినీ అడగలేదు. తాత సొత్తుకు మనవడు చీటీ రాయించుకోవాలా?

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాం. జాగ్రత్తగా వినండి, మీ ఇంట్లో ఎవరూ చేయకూడదు.

ఏ స్విచ్చికి ఏ పని అప్పగించాలి? బుద్ధి ఉన్నవాడు తరచుగా వాడేవి చేతికి దగ్గరగా పెట్టుకుంటాడు. నేను మర్యాద ప్రకారం పెట్టాను. పెళ్లి బంతిలో పెద్దలను ఎలా కూర్చోబెడతారో అలా. నౌక చేసే పనుల్లో అన్నింటికంటే గంభీరమైనది ఏది? నౌకను తానే పేల్చేసుకునే ఆజ్ఞ. శత్రువు చేతికి చిక్కేకన్నా మేలని నాయకుడొక్కడే తీసుకునే నిర్ణయం అది. కాబట్టి తాత పిడికి ఆ పదవి ఇచ్చి, చెక్క నడిమధ్యన బిగించాను. ఆయుధాలు కుడిపక్క, దీపాలు ఎడమపక్క. చక్రాలు దించడమంటారా? అది జీతగాడి పని. దాన్ని బల్ల కింద, మోకాలి దగ్గర, కాలింగ్ బెల్లు బటన్‌కు అప్పగించాను.

అన్వర్ టంకం కడ్డీ పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "దోస్త్, చక్రాలు దించకుంటె దిగుడు కాదు గదా?"

"కాదు."

"దిగినప్పుడల్లా బల్ల కిందికి దూరుతవా?"

"దూరుత."

"నువ్వు? వంగుతవా? అరె, కమాల్ హై!"

మా ఆవిడ సుజాత టీ కప్పులు పెడుతూ అందుకుంది. "పేల్చుకునేదేమో చేతిల వెట్టుకున్నడు, దిగేదేమో కాళ్లకాడ వెట్టుకున్నడు. మీ ఇంటోళ్ల చరిత్ర మొత్తం గీ చెక్క మీదనే ఉన్నదన్నా."

నేను ఆ మాట విననట్టు మరలు బిగించాను. వినకపోవడం కూడా మా వంశంలో ఒక కళ.

ఇక్కడ మా పెద్దబాపు సంగతి చెప్పాలి. మా నాన్నకు అన్న. ఆయన నడుం నా నడుంకంటే నిటారు. ఒక పెళ్లిలో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంటే చూసుకోక నేను కూర్చున్నాను. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. లేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నేను లేవలేదు. చేతుల్లేని కుర్చీ వేస్తే ఆయన కూర్చోలేదు. పెళ్లి మొత్తం నిలబడే చూసి, వెళ్లేటప్పుడు అందరి ముందూ అన్నాడు: "వాడు నా కాళ్లు మొక్కెదాక వాని గడప తొక్క."

దీనివల్ల పోయింది మామూలు మర్యాద కాదు. మా ఊరి పోచమ్మ పండుగలో మొదటి బొట్టు మా ఇంటి పెద్దకు పెట్టాలి. గడీ పోయినా, భూములు పోయినా మాకు మిగిలిన ఒకే ఒక్క గౌరవం అది. ఇంటివాళ్లంతా ఒక్కచోట నిలబడితేనే పెద్దకు బొట్టు. మేమిద్దరం గుడికి చెరో పక్క నిలబడ్డాం. పూజారి అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి మధ్యలో ఆగి ఉన్న ట్రాక్టరుకు పెట్టాడు. మరుసటి ఏడూ ట్రాక్టరుకే. ఈసారీ అలాగే జరిగితే ఇక ఆ బొట్టు మాకు లేదని ఊరి పెద్దలు కబురు పెట్టారు. పండుగ వచ్చే ఆదివారం. "ఒక్కసారి పోయి మొక్కరాదుండ్రి" అని సుజాత రోజూ చెబుతూనే ఉంది. నేను నిటారుగా వింటూనే ఉన్నాను.

అదే వారం అన్వర్ సామాను కోసం ఎల్లారెడ్డి అంగడికి వెళ్లి, నా కాక్‌పిట్ గురించి ఊరంతా గొప్పగా చెప్పాడు. తాత పిడి సంగతి కూడా చెప్పాడు. వింటున్న వాళ్లలో పెద్దబాపు ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం నేను ‘గడీ’ నౌకను ఒక అంతరిక్ష కేంద్రంలో దించబోతున్నాను. లోపలికి వెళ్లే ద్వారం దాటాను. అప్పుడే మా ఇంటి ద్వారం దగ్గర చేతికర్ర చప్పుడైంది.

"ఏడున్నది రా మా నాయిన పిడి?"

సుజాత కొంగు సర్దుకుంటూ పరుగెత్తింది. "రాండ్రి మామయ్యా, కూసోండ్రి."

"కూసుండుటానికి రాలే. గడప గూడ తొక్కలే, దాటి వచ్చిన. తాడ్వాయి దాక బస్సుల నిలవడే వచ్చిన. మా నాయిన చెయ్యివెట్టిన పిడిని వీడు ఆట సామాను చేసిండట!"

"పెద్దబాపు, జర ఆగుండ్రి, నౌక దిగుతున్నది" అన్నాను తెర మీంచి కళ్లు తిప్పకుండా. అది ఆన్‌లైన్ ఆట. పెద్దలు వచ్చారని ఆగదు.

ఆయన వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. టేకు చెక్క చూశాడు. చుట్టూ మిణుకుమిణుకుమనే దీపాలు, నడిమధ్యన తళతళలాడుతున్న పిడి. చింతపండుతో నేనే తోమాను. ఆయన మాట కాస్త తగ్గింది.

"నడుమ వెట్టినవ్..."

"మరెక్కడ పెడత పెద్దబాపు? అన్నిటికంటె పెద్దది అదే."

"అవు." చేతికర్రను గోడకు ఆనించాడు. "గది సరే గని..."

అప్పుడు తెర మీద ఎర్ర దీపం వెలిగింది. చక్రాలు దించలేదు! నౌక నేలకు తగలబోతోంది. ఏడాది కష్టం. నేను ఇంకేమీ ఆలోచించలేదు. కుర్చీలోంచి జారి, మోకాళ్ల మీద పడి, తల వంచి, చెయ్యి చాచి బల్ల కిందికి దూరాను.

పాఠకులారా, బల్ల పక్కన ఎవరి పాదాలున్నాయో మీకు గుర్తుంది. నాకు గుర్తులేదు.

బటన్ నొక్కాను. చక్రాలు దిగాయి. అదే క్షణంలో నా తల మీద ఒక చెయ్యి పడింది.

"విఠలా! బిడ్డా! మొక్కినవా?"

నేను నోరు తెరిచాను. బల్ల కింది నుంచి సుజాత కళ్లు కనిపించాయి. ఆ కళ్లలో, నోరు మూసుకోకపోతే రేపటి నుంచి నా అన్నం నేనే వండుకోవాలని స్పష్టంగా రాసి ఉంది. మూసుకున్నాను.

పెద్దబాపు రెండో చెయ్యి కన్నీళ్లు తుడుచుకుంది. తర్వాత ఆనుకోవడానికి ఆధారం వెతికింది. నడిమధ్యన, నిండుగా, పిడికిట్లో పట్టేట్టు ఏముందో మీకు తెలుసు. దాని మీద భారం వేశాడు. పిడి కిందికి దిగింది, దిగి అక్కడే ఉండిపోయింది.

"టెన్" అంది నౌకలోని ఆడగొంతు.

"ఎవలమ్మా ఆమె? లెక్క వెడుతున్నది?"

"మంచి గడియ మామయ్యా" అంది సుజాత రెప్ప వేయకుండా. "దీవెన ఇయ్యనీకి టైం చెప్తున్నది."

"నైన్."

పిడి పైకెత్తితే చాలు, లెక్క ఆగిపోతుంది. నేను తల ఎత్తబోయాను. పెద్దబాపు చెయ్యి గట్టిగా నొక్కింది. "ఉండుర, ఇంక దీవెన కాలే." మా వంశంలో దీవెన అంటే పొట్టిది కాదు. ముత్తాత పేరు నుంచి మొదలు పెట్టాడు.

"సెవెన్."

అటు ఏడాది కష్టపడి కట్టుకున్న నౌక. ఇటు పోచమ్మ బొట్టు. లేస్తే నౌక దక్కుతుంది, ట్రాక్టరు గెలుస్తుంది.

నేను లేవలేదు. ఇంకాస్త వంగాను. నుదురు ఆయన పాదాలకు తగిలింది. ఈసారి బటన్ కోసం కాదు.

"సల్లగుండు బిడ్డా" అని ఆయన ముగించడం, నౌక పేలడం ఒక్కసారే జరిగాయి. గదంతా నారింజ వెలుగు. స్పీకర్లు దద్దరిల్లాయి. మా వంశంలో గడీ కూలడం ఇది రెండోసారి.

పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. "పటాకులు గూడ పెట్టినవారా! నేనొస్తనని ఎర్కేనా?"

"మీరు రాకుంటె ఎట్ల పెద్దబాపు" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లు దేనికో ఆయన అడగలేదు.

ఆదివారం మేమంతా గుడికి ఒకే పక్క నిలబడ్డాం. పూజారి అలవాటు కొద్దీ ట్రాక్టరు వైపు రెండడుగులు వేసి, నాలుక కరుచుకుని వెనక్కి తిరిగాడు. మొదటి బొట్టు పెద్దబాపు నుదుటి మీద నిలిచింది. ఆయన పక్కన నేను, మీరు చూడాల్సింది, ధ్వజస్తంభంలా నిలబడ్డాను.

నేనెందుకు వంగానో ఆయనకు ఈనాటికీ తెలియదు. అన్వర్‌కు తెలుసు, అందుకే వాడు రోజూ మా ఇంట్లో టీ తాగుతాడు.

కాబట్టి మా తాత మీద, ఆ ఒకటిన్నర గోడ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇక మీదట ఏ స్విచ్చికీ మర్యాద చూసి పని అప్పగించను. చక్రాల బటన్‌ను చేతి దగ్గరికి తెచ్చాను. పేల్చే ఆజ్ఞను చెక్క మీద నుంచే తీసేశాను. తాత పిడి మాత్రం నడిమధ్యనే ఉంది. దాని వెనక ఒక్క వైరు కూడా లేదు. అందరికంటే ఎత్తుగా, తళతళలాడుతూ, ఏ పనీ చేయకుండా కూర్చుంటుంది. మా వంశపు వస్తువుకు అంతకంటే తగిన ఉద్యోగం నాకు తోచలేదు.