గోధుమ కోతల టేపు

పంజాగుట్టలో మా ఆఫీసు పనల్లా వినడం, టైపు చేయడం. అమెరికాలో ఒక పల్లెటూళ్ల కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, తన చరిత్ర కోసం ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి మాకు పంపేది. కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి అమీర్‌పేట హాస్టల్లో నేనూ సాఫ్ట్‌వేరే.

నాకొచ్చిన టేపులో మాట్లాడింది ఒక రైతు ముసలావిడ. వాళ్ల ఊళ్లో జర్మనీ నుంచి వచ్చినవాళ్లకో చర్చి, నార్వే నుంచి వచ్చినవాళ్లకో చర్చి. శ్మశానాలు కూడా వేరేనట. ఇదేం రోగం వీళ్లకి అనుకున్నాను. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే కోస్తావాళ్లది ఒక బల్ల, తెలంగాణవాళ్లం మాదొక బల్ల అన్న సంగతి మాత్రం గుర్తురాలేదు. మా పచ్చిపులుసును చూసి వాళ్లు నవ్వేవారు. వాళ్ల యాసను వెక్కిరించడంలో మేమూ తక్కువ తినలేదు.

కొత్తగా చేరిన నాకు ఉద్యోగం ఖాయం కావడానికి పెట్టిన గడువును అప్పటికే ఒకసారి పెంచారు. ఈ టేపు శుక్రవారంలోగా ఇవ్వకపోతే ఉద్యోగం పోయినట్టే. సరిగ్గా సగంలో టైఫాయిడ్ పట్టుకుంది. ఇక మూటాముల్లె సర్దుకోవడమేనని హాస్టల్ మంచం మీద ఏడ్చాను.

జ్వరం తగ్గాక వెళ్తే, ఉద్యోగం ఖాయమైందని టీమ్ లీడర్ చెప్పింది. నాలాగే కొత్తగా చేరిన కోస్తా అమ్మాయి ఆమెను అడిగి మరీ నా టేపు పూర్తి చేసిందట. ఆ అమ్మాయితో నేను అప్పటిదాకా సరిగ్గా మాట్లాడిందే లేదు.

మిగతా సగంలో ఏముందోనని విన్నాను. కోతల వేళ ముసలావిడ భర్త మంచాన పడ్డాడు. పెళ్లి సంబంధాలైనా కలుపుకోని అవతలి చర్చివాళ్లు యంత్రాలు తోలుకొచ్చి ముందు వీళ్ల గోధుమ కోసిపెట్టారు. ఈలోగా వాన పడి వాళ్ల చేలు తడిసిపోయాయి.

నాకు అనుమానం వచ్చింది. వెళ్లి టీమ్ లీడర్‌ను అడిగాను. నిజమే, ఆ అమ్మాయి సొంత టేపు ఆలస్యమై, ఆమె ఉద్యోగం ఖాయం కాకుండా వాయిదా పడింది.

"నీ టేపు ఆగిపోయింది గదా, నాకెందుకు చెప్పలే?" అన్నాను ఆ అమ్మాయి దగ్గరికెళ్లి.

"చెబితే ఒప్పుకునేదానివా ఏంటి? నాకింకో అవకాశం ఉంది. నీకు లేదుగా," అంది, తల తిప్పకుండా టైపు చేసుకుంటూ.

మధ్యాహ్నం నా డబ్బా తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద, ఆమె పక్కనే విప్పాను. ఆమె రుణం తీరేది కాదు. తీర్చేసుకోవాలని కూడా నాకు లేదు.